కమ్మగానే ఉంది

ఉర్లా ఫ్యాక్టరీలో ఇనపరేకులు సాగగొట్టీ సాగగొట్టీ మా బాబాయికి సగం చెవుడొచ్చింది. తన వ్యానుతో వచ్చిన స్టీరియో వినపడక, సీటు కింద వేరే ఆంప్లిఫయర్ బిగించాడు. అది మోగితే ఎక్కడో ధర్సీవా ఊళ్లో గేదెలు పాలివ్వడం మానేసేవి, నమ్మండి. ఆయన మాత్రం వ్యాను తలుపుకి అరచేయి ఆనించి, ఆ అదురుతో పాట వినేవాడు.

ఓ ఆదివారం మేముండే మోవాలో మా వీధివాళ్లంతా వచ్చి, ఆంప్లిఫయర్ పీకేస్తామన్నారు. "ఆవాజ్ కమ్ కరో" అని హిందీలో అరిచారు.

"కమ్మగానే ఉంది," అన్నాడు బాబాయి.

"తగ్గించమంటున్నారు బాబాయ్," అని చెవిలో అరిచాను.

"తెలుసులేరా. ఇరవై ఏళ్లు ఈ చెవిలో సుత్తులు మోగాయి. అప్పుడు కమ్ కరో అన్నవాడు ఒక్కడూ లేడు," అంటూ ఇంకాస్త పెంచాడు.