కుట్టని లుంగీ

మా అత్త పోయిందని మొన్న ఆదివారం పొద్దున్న ఫోను వచ్చింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. మావయ్యని పొట్టనబెట్టుకున్న ఆ ఎస్సై, వాడింకా బతికే ఉన్నాడే అనిపించింది. మీకు కటువుగా ఉండొచ్చు. కానీ వాణ్ణి పక్కనపెట్టి మా అత్తని తలుచుకోవడం నాకు చేతకాదు.

ఆవిడ మా నాన్నకి అక్క. రాజోలు దగ్గర మా దళితపేటలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లుంగీలు కుట్టేది. నాకు కాజాలు కుట్టడం నేర్పింది ఆవిడే. దారం పళ్ళతో కొరికితే, "కత్తెరున్నది దేనికే?" అని చేతి మీద ఒక్కటిచ్చేది. మావయ్య కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. గట్టిగా మాట్లాడ్డం కూడా రాని మనిషి.

తొంభైల మొదట్లో ఓ రైతు చేలో నీళ్ళ మోటారు పోయింది. ఊళ్ళో ఇంకెవరినీ అడక్కుండా పోలీసు జీపు నేరుగా మా పేటకే వచ్చింది. ఏది పోయినా అలాగే వచ్చేది. చెట్టు దిగుతున్న మావయ్యని నిక్కరుతోనే, జుట్టు పట్టుకుని జీపెక్కించాడు ఎస్సై. "మీరు కాకపోతే ఇంకెవరు తీస్తార్రా?" అన్నాడు. మూడోరోజున, లాకప్పులో లుంగీతో ఉరేసుకున్నాడని కబురొచ్చింది. శవం అరికాళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. వారం తిరక్కుండా మోటారు ఆ రైతు బావమరిది కొట్టంలో దొరికింది.

దేవుడున్నాడు, చూసుకుంటాడని చుట్టాలు ఓదార్చారు. "ఆయన తీరిక చూసుకుని వచ్చేదాకా నేను చూసుకుంటానండి," అంది అత్త.

ఎస్సై మీద అత్త పెట్టిన కేసు ఎనిమిదేళ్ళు నడిచింది. ప్రతి వాయిదాకీ మిషను మీద గుడ్డ కప్పి, అమలాపురం బస్సెక్కేది. డిగ్రీలో చేరినప్పట్నుంచీ నేను తోడెళ్ళేదాన్ని. ఒకసారి ఊరి పెద్దమనిషి రాజీకి వచ్చాడు.

"ఎస్సైగారు మీకు క్షమాపణ చెప్తానంటున్నారమ్మా."

"ఆయ్, మంచిదండి. ముందు ఆయన్ని మూడ్రోజులు నాకప్పగించమనండి. తర్వాత రాజీ పడతాను."

ఆ పెద్దమనిషి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

కోర్టులో ఆ లుంగీ బయటికి తీశారు. మీ ఆయనదేనా అని ఎస్సై తరఫు వకీలు అడిగాడు. అత్త దాన్ని చేత్తో తడిమి, రెండు కొసలూ పట్టుకుని చూసింది.

"కాదండి. ఆయన లుంగీలన్నీ నేనే కుట్టేను. దీనికి కుట్టే లేదు, గంజి కూడా పోలేదు. కొట్లోంచి తెచ్చిన బట్ట తెచ్చినట్టే ఉంది. మా ఆయన్ని నిక్కరుతో ఎక్కించేరు. లాకప్పులోకి ఈ కొత్త బట్ట ఎవరు తెచ్చేరో ఆ బాబునే అడగండి."

జడ్జిగారు లుంగీ చేతికి తీసుకుని చూశారు. ఎస్సై మొహం పాలిపోయింది. నా కడుపు ఎంత చల్లబడిందో ఇప్పటికీ గుర్తుంది.

ఎస్సైకి ఏడేళ్ళ శిక్ష పడింది. వ్యాను ఎక్కిస్తుంటే అత్త దగ్గరికెళ్ళింది. "తలెత్తండి బాబూ, ఒక్కసారి చూసుకోనివ్వండి," అంది. వాడు ఎత్తలేదు.

అప్పీలులో శిక్ష తగ్గి, మూడేళ్ళకే బయటికొచ్చాడు. అత్తకి అది చాలలేదు. నాకూ చాలలేదు. అప్పట్నుంచీ ఏటా మావయ్య పోయిన రోజున వాడి ఇంటికెదురుగా రోడ్డు పక్కన పీట వేసుకుని, పొద్దున్నించి పొద్దుగూకేదాకా కూర్చునేది. అరిచేది కాదు, తిట్టేది కాదు. ఎవరైనా ఎందుకమ్మా అని అడిగితే మాత్రం, జరిగింది మొత్తం చెప్పేది. ఓసారి కానిస్టేబులు వచ్చి లెమ్మన్నాడు.

"రోడ్డు మీద కూచున్నానండి. రోడ్డు కూడా ఆయనదేనా?"

ఆ ఎస్సై ఇల్లు మారాడు. అత్త కొత్త వీధి కనుక్కుని వెళ్ళింది.

కిందటేడు నడవలేకపోతే నేనే ఆటోలో తీసుకెళ్ళాను. వాడు అరుగు మీద పేపరు చదువుతున్నాడు, జుట్టంతా తెల్లబడింది. అత్తని చూడగానే లేచి లోపలికెళ్ళి, తలుపేసుకుని, కిటికీలు ఒక్కొక్కటే మూశాడు. ఎండాకాలం, కరెంటు కూడా లేదు. అత్త చెంగుతో మొహం తుడుచుకుని, కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఒక కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది. అత్త ఇంకా అక్కడే ఉంది. రెక్క మళ్ళీ మూసుకుంది.