సారు తెచ్చిన దోటి

మెదక్‌ల మాకు చరిత్ర చెప్పిన సారు, యూరప్ పాఠం రోజు క్లాసుకు మేకలకు ఆకు కోసే దోటి తెచ్చేటోళ్లు. "గిట్లనే పొడుగు కట్టెకు కొడవలి కట్టుకొని అక్కడి రైతులు యుద్ధానికి పోయిండ్రు. తర్వాత కొసకు ఈటె మొన, వెనక కొక్కెం పెట్టిండ్రు. ఎందుకు?" అని దోటితో కుర్చీని గుంజి పడేసి, "గుర్రం మీది దొర కింద వడ్డడు!" అని మాకంటే ముందు నవ్వేటోళ్లు.

మొన్న ఇంటికి చూడవోతే సారు ముసలోళ్లయిండ్రు, చెట్టు మీది ఆకు కొయ్యవోతే దోటి పైకి లేస్తలేదు. బడిల అడగని ప్రశ్న అప్పుడు అడిగిన. "సార్, గా రైతుల ఆయుధాలు చివరికి ఏమైనయి?"

"తుపాకులొచ్చినంక మూలకు వడ్డయి బిడ్డా."

మేకపిల్ల సారు లుంగీ కొరుకుతున్నది. దాని తల నిమిరి, దోటి నా చేతికిచ్చిండ్రు.

"దీనికైతే ఇంకా పని ఉన్నది. గా పై కొమ్మ కొయ్యి."