హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము మీద నూనె

వీల్ స్పానరుతో మనిషి నోటి మీద కొడితే ఎలాంటి చప్పుడు వస్తుందో నాకు తెలుసు. తొమ్మిదేళ్లుగా ఆ చప్పుడును మోస్తున్నాను. అన్నం నములుతుంటే వినిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంతకాలం ఎందుకు దాస్తాను?

నేను మంగంపేట దారిలో జీపులు బాగుచేసే మెకానిక్‌ని. ముగ్గురాయి గనుల్లో తిరిగే పాత ఫోర్‌వీల్ జీపులన్నీ నా షెడ్డుకే వచ్చేవి. నా చేయి మంచిదని పేరు. ఆ పేరే నా నెత్తికెక్కింది.

మస్తాన్ అని ఒక డ్రైవరు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. గనిలో జీపు తోలేవాడు. ఆ జీపుల్లో గేరుబాక్సు వెనక ఇంకో పెట్టె ఉంటుంది, నాలుగు చక్రాలకూ బలం పంచేది. మేము ట్రాన్స్‌ఫర్ అంటాం. హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ఆ పెట్టె వెనకే ఉంటుంది. పెట్టెలోని నూనె వెనక్కి కారితే నేరుగా బ్రేకు మీదికే పోతుంది, ఇక బ్రేకు పట్టదు. ఇది నాకు తెలియనిది కాదు.

ఆ ఎండాకాలం, నూనె కారుతోందని మస్తాన్ బండిని తెచ్చాడు. కిందంతా డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, ముగ్గురాయి పొడి చల్లాను. మా దగ్గర అలాగే చూస్తాం. ఒక రౌండు తిప్పి వస్తే, నూనె ఎక్కడ మొదలైందో తెల్లటి పొడి మీద నల్లగా తెలిసిపోతుంది. నూనెను ఆపే వెనక రబ్బరు సీలు దగ్గర కనిపించింది. సీలు మార్చాను. పది రోజులకు మళ్లీ వచ్చాడు. మళ్లీ మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు నాకు తిక్క రేగింది.

"సీలు కాదేమో చూడన్నా," అన్నాడు మస్తాన్. "పొద్దున చల్లగా ఉన్నెప్పుడు చుక్క గూడా పడదు. ఎత్తులెక్కి బండి కాగినాకనే కారుతాండాది."

"నువ్వు స్టీరింగు పట్టుకోప్పా, స్పానరు నేను పట్టుకుంటా. నాకు నేర్పిచ్చే మొగోడివా నువ్వు?" అన్నాను.

వాడు చెప్పిందే రోగం. పెట్టె కాగితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది బయటికి పోవడానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది. ముగ్గురాయి దుమ్ము అందులోంచి దూరి నూనెను బురద చేస్తోందని, ఆరు నెలల ముందు నేనే దానికి బోల్టు బిగించి మూసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి, మరిచిపోయాను. దారి లేని గాలి నూనెను సీలులోంచి బయటికి నెట్టేది. వాడి మాట విని ఒక్క నిమిషం పైకి చేయి పెట్టి తడిమి ఉంటే ఆ బోల్టు తగిలేది. ఇంకో మెకానిక్ ఆ మాటే అని ఉంటే తప్పకుండా తడిమేవాణ్నే కదా, మరి వాడన్నప్పుడు ఎందుకు తడమలేదు? చెప్పింది డ్రైవరని. అంతే. మళ్లీ సీలే మార్చి పంపేశాను.

వారం తర్వాత గనిలో లారీ కమాను పట్టీ విరిగిందని పిలిస్తే వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. మస్తాన్ జీపును మిట్ట మీద నిలిపి, దిగి నాలుగడుగులు వేశాడో లేదో, బండి కదిలింది. గేరు పళ్లు అరిగిపోయి బండి గేరులో నిలిచేది కాదు, అంతా హ్యాండ్‌బ్రేకు మీదే ఆధారం. కింద లారీ వెనక ఏసోబు అనే కూలీ నీళ్లు తాగుతున్నాడు. అందరం అరిచాం. అతను తల ఎత్తేలోపే జీపు అతన్ని లారీకేసి నొక్కేసింది. నోట్లోంచి నీళ్లూ నెత్తురూ కలిసి వచ్చాయి. నేను జీపులోకి ఎక్కాను, జనం బండిని వెనక్కి తోశారు. ఏసోబు నేలకు జారాడు. అప్పటికే ప్రాణం లేదు.

ఏసోబు తమ్ముడు మస్తాన్ గొంతు పట్టుకున్నాడు. "బ్రేకు లాగినాప్పా, అల్లా మీద ఒట్టు, లాగినా!" అని మస్తాన్ ఏడుస్తున్నాడు. ఎవరో నా వైపు తిరిగి, "నువ్వు జూసి చెప్పప్పా, బ్రేకు పని జేస్తాందా లేదా?" అన్నారు.

బండి కిందికి దూరాను. డ్రమ్ము నిండా నూనె. చేయి పైకి పోనిస్తే బోల్టు తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. విప్పాను. బుస్సుమని వేడి గాలి నా ముఖానికి కొట్టింది. బోల్టును జేబులో వేసుకుని బయటికి వచ్చాను.

"బ్రేకు బాగనే ఉండాది. లాగింటే బండి కదిలేది కాదు," అన్నాను.

మస్తాన్ నా ముఖంలోకి చూశాడు. "అన్నా, నూనె కారుతాందని నీకు..."

ఆ మాట పూర్తి కాకూడదు. లారీ పనికి తెచ్చిన వీల్ స్పానరు అక్కడే పడి ఉంది. తీసి నోటి మీద కొట్టాను. పళ్లు రాలాయి. అయినా ఏదో అనబోయాడు. దవడ మీద కొట్టాను. ఏసోబు కోసం కడుపు మండి కొట్టానని తర్వాత నన్ను మెచ్చుకున్నారు కూడా! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు నేను మొదలుపెట్టాను, జనం అందుకున్నారు. రాళ్లతో కొట్టారు. పడినవాణ్ని తొక్కారు. వాళ్లు కొడుతుంటే నేను మళ్లీ బండి కిందికి దూరి డ్రమ్మును డీజిల్‌తో కడిగాను. అక్కడి నేలంతా తెల్లటి పొడి. నెత్తురు ఎక్కడ మొదలైందో ఎవరు చూసినా చెప్పగలరు. నేను నిలబడ్డ చోట.

కేసు మస్తాన్ మీదే పడింది. జైలుకు పోయి వచ్చాడు. దవడ వంకరగా అతుక్కుంది. మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. కోడూరు బస్టాండులో సోడా బండి పెట్టుకున్నాడు.

పోయిన నెల అక్కడ ఎదురుపడ్డాను. తప్పించుకోబోతే చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. నిమ్మసోడా కలిపి ఇచ్చాడు.

"కొట్టినావని కోపం ల్యాదన్నా. మనిషి సచ్చిపాయ గదా." గ్లాసులు కడుగుతూ అన్నాడు. "లాగినాననే శానా ఏండ్లు అనుకుంటాంటి. లాగలేదేమోలే అన్నా. నువ్వు జూసి చెప్పినావు గదా, నీకు తెల్దా?"

సోడా గ్లాసు పక్కన పెట్టేశాను. ఇన్నాళ్లూ వాడి పళ్లు మాత్రమే రాలగొట్టాననుకున్నాను. అక్కడే చెప్పి ఉండొచ్చు. చెప్పానా? బస్సు వస్తే ఎక్కేశాను. థూ, నా బతుకు చెడ.

మీ దగ్గర కూడా ఒకటి దాచాను. ఏసోబును విడిపించడానికి జీపు ఎక్కింది నేను కదా. బండి వెనక్కి పోవాలంటే హ్యాండ్‌బ్రేకు లివర్ దించాలి. దించాను. రెండు చేతులూ వేయాల్సి వచ్చింది, అంత గట్టిగా లాగి ఉంది. నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఈ ఒక్క మాట రాయడానికే ఇంతసేపు పట్టింది. మస్తాన్ బ్రేకు లాగాడు.