వలసల పాఠం, గౌరి వాళ్ల వీధి

మా చిన్నప్పుడు... పదో తరగతి కొత్త సోషల్ పుస్తకాలు బడికి వచ్చిన రోజు, మా మాస్టారు జాగ్రఫీ పాఠాలు అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. "ఇందులో జవాబులు ఎక్కడున్నాయర్రా?" అన్నారు. మేమంతా నవ్వాం. పాపం, ఆయన నిజంగానే అడిగారు.

అంతవరకూ జాగ్రఫీ అంటే మాకు నదులు, నేలలు, పంటలు... గుడ్డిగా బట్టీ పట్టడం, పటంలో చుక్కలు పెట్టడం. కొత్త పుస్తకం ఏ పేజీ తీసినా 'మీ ఊళ్లో చూడండి, పెద్దల్ని అడగండి, సొంత మాటల్లో రాయండి' అనే. పరీక్షా మారిపోయింది. రాత పరీక్షకు ఎనభై మార్కులే. మిగతా ఇరవై ఏడాది పొడవునా బడిలో చేసే ప్రాజెక్టులకీ, చిన్న పరీక్షలకీ. పాతపట్నం షాపుల్లో గైడు అడిగితే "వస్తాది, వస్తాది" అనేవారు. ఎప్పుడొచ్చిందో నాకైతే గుర్తు లేదు.

నా పక్కన గౌరి కూర్చునేది. మాది కిరాణా కొట్టు, వాళ్లది కూలి పని. ఏటా దసరా వెళ్లగానే వాళ్లమ్మానాన్నలు చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లేవారు. చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి గౌరినీ తీసుకుపోయేవారు. వాళ్లక్క కూడా అలాగే వెళ్లి, పరీక్షల ముందు వచ్చి, గైడు మింగేసి పది పాసైపోయింది. గౌరికీ అదే ధైర్యం. వాళ్లమ్మ ఒకటే మాట చెప్పింది... పాసైతే నానమ్మ దగ్గరుండి ఇంటర్ చదువుకోవచ్చు, తప్పితే ఇంక తమతో పాటు పనికే.

"పరీక్షల ముందల వచ్చేత్తానే... నోట్సు దాసుంచు" అని చెప్పి వెళ్లింది. దాచి ఉంచాను. ఆ ఏడాది నోట్సుతో గట్టెక్కే చదువు కాదని మా ఇద్దరికీ తెలీదు.

చలికాలంలో వలసల పాఠం వచ్చింది. ప్రాజెక్టు ఏమిటంటే... ఒక్కొక్కరూ ఒక వీధికి వెళ్లి, ఏ ఇంట్లోంచి ఎవరు వలస వెళ్లారు, ఎక్కడికి, ఎందుకు అని అడిగి రాసుకురావాలి. మా ఊళ్లో ఇంతకన్నా సులువైన ప్రాజెక్టు ఉంటుందా అని మురిసిపోయాం. నాకు గౌరి వాళ్ల వీధి పడింది. సగం తలుపులకి తాళాలే.

మిగతా ఇళ్లలో అడిగితే మాత్రం ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. నా చేతిలో కాగితం, పెన్ను చూసేసరికి మొహాలు బిగుసుకుపోయాయి. ఊళ్లో లేరని రాసుకుపోతే బియ్యం కార్డులో పేరు కొట్టేస్తారని వాళ్ల భయం. "ఎవులూ ఎక్కడికీ ఎల్లనేదమ్మా, అందరూ ఇక్కడే ఉన్నారు" అన్నారు. తాళం చూపిస్తే "పొలమెల్లారు" అన్నారు.

గౌరి నానమ్మ అరుగు మీద కూర్చుని చేటతో చోళ్లు, అదే రాగులు, చెరుగుతోంది. చిన్నప్పటి నుంచీ నాకు అంబలి పోసిన మనిషి. "ఇది బడి పనే మామ్మా, గవర్నమెంటుది కాదు" అన్నాను.

"బడి మాత్రం ఎవులిదే గుంటా?" అంది.

"పోనీ, మీ గౌరి ఎక్కడుందో సెప్పు."

మామ్మ చేట ఆపి, నా కళ్లలోకి సూటిగా చూసి అంది... "బడికెల్లింది."

రోజూ గౌరి చోట్లో సంచీ పెట్టుకుని కూర్చునే దాన్ని నేను. అయినా ఆవిడ చెప్పిందే రాసుకుని వచ్చేశాను.

మర్నాడు చూస్తే అందరి కాగితాల్లోనూ అదే మాట... వలస వెళ్లినవారు లేరు. మాస్టారు "వాళ్లు చెప్పిందే రాశారు కదా" అని అందరికీ మార్కులేశారు. గౌరికి మాత్రం వేయలేకపోయారు. "ఆ పిల్ల చేసి ఇవ్వాలి కదమ్మా..." అని నాకే సంజాయిషీ చెప్పుకున్నారు, నేనేదో నిలదీసినట్టు.

పరీక్షల ముందు గౌరి చిక్కి సగమై వచ్చింది. నా నోట్సు అక్షరం వదలకుండా బట్టీ పట్టింది.

పరీక్షలో ఒక పెద్ద ప్రశ్న ఇచ్చారు. మీ ప్రాంతం నుంచి ప్రజలు ఎందుకు వలస పోతున్నారు, వెళ్లిన చోట వాళ్ల బతుకు ఎలా ఉంటుంది, సొంత మాటల్లో రాయండి అని. పుస్తకంలో ఎక్కడో చెరుకు కొట్టేవాళ్ల గురించి ఉన్నదంతా మా ఊరికి అతికించి నేను రెండు పేజీలు నింపేశాను. గౌరికి ఇది కొట్టిన పిండి, ఇంక భయం లేదు అనుకున్నాను కూడా.

బయటికొచ్చాక అడిగాను. "వదిలేశాను" అంది.

"అదేటే?"

"నీ నోట్సులో సెరుకు కొట్టేవోల గురించే ఉన్నాది. మా గురించి నేదు కదే... సొంతంగా రాత్తే తప్పయిపోద్దని భయమేసింది."

నాకు ఏమీ అనిపించలేదు. కోపం, ఏడుపు... ఏదీ రాలేదు. ఇద్దరం ఐసు కొనుక్కుని చప్పరిస్తూ ఇంటికెళ్లిపోయాం. ఆ రోజు ఏమీ అనిపించకపోవడమే ఇప్పుడు బాధగా ఉంటుంది.

గౌరి అన్నీ పాసైంది. సోషల్ ఒక్కటే పోయింది. వాళ్లమ్మ అన్న మాట మీదే నిలబడింది. ఆ ఏడాది వాళ్లు దసరా దాకా ఆగలేదు. మళ్లీ రాసుకునే పరీక్ష వచ్చేసరికి గౌరి చెన్నైలో ఉంది.

ఇప్పుడు పుస్తకాలు మళ్లీ మారాయి. మా అన్నయ్య కూతురు ప్రాజెక్టులన్నీ ఫోన్లో వెతికి, రంగు బొమ్మలు అతికించి గంటలో ముగించేస్తుంది. వీధి గుమ్మం దిగక్కర్లేదు... ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

మీ తరగతిలోనూ ఏడాది మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఉండే ఉంటారు. ఏమయ్యారో తెలియకపోయినా పరవాలేదు... పేరు గుర్తుంటే, ఆ పేరు ఒక్కటీ కింద రాయండి.