జలాశయం మధ్య వైర్‌లెస్ పోస్టులో మా కాపురం

1957 జూన్ మొదటి వారంలో నన్ను కోరాపుట్ కొండల్లో లమ్తపుట్ అవతల కొత్తగా నిండుతున్న జలాశయంలోని వైర్‌లెస్ పోస్టుకు వేశారు. అప్పటికి నేను సైన్యంలో సిగ్నల్ విభాగపు నాయక్‌ని. సిపాయికి పైన, హవల్దారుకు కింద. భుజం కింద రెండు పట్టీలు. ఆనకట్ట పనికి మా యూనిట్ కొన్నాళ్ళు సందేశాలు పంపే సౌకర్యం కల్పించింది. రోజుకు మూడుసార్లు నీటి మట్టం చూసి, ఆనకట్ట దగ్గరున్న కంట్రోల్ స్టేషన్‌కు మోర్స్‌లో చుక్కలు, గీతలుగా పంపడం మా విధి.

ఆ పోస్టు అంతకుముందు ఏడాది వరకూ ఒక కొండ. నీరు చుట్టుముట్టి దాన్ని లంకగా మార్చింది. పైన రేకుల గది, దాని పక్కన ఏరియల్ తీగ కట్టిన రెండు స్తంభాలు, కింద నీళ్ళలో పాతిన గేజి పలక. అడుగులు, అంగుళాలు రాసిన ఆ పలకను చూసి మట్టం రాసుకునేవాళ్ళం. అదే కొండ అవతలి చరియలో దేశియా గిరిజనుల ఏడిళ్ళ పల్లె ఉండేది. వాళ్ళ పల్లపు భూములు మునిగిపోయాయి, మెట్ట మాత్రం మిగిలింది.

పోస్టులో ఆపరేటర్లం ఇద్దరం: నేను, నా కింద ఒక సిగ్నల్‌మన్. ఇలాంటి చోట్లకు కుటుంబాన్ని తీసుకురావడం రివాజు కాదు. అయితే ఏడాదికి పైబడిన పోస్టింగు కాబట్టి మా కెప్టెన్ అనుమతి రాసిచ్చారు. నాకు పెళ్ళై అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో నేనూ నా భార్యా ఒక కప్పు కింద ఉన్నది మొత్తం డెబ్బై రోజులు.

ఆమె పేరు అప్పలనర్సమ్మ. మా మేనమామ కూతురు. వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. రాయగడ, కోరాపుట్ మీదుగా బస్సుల్లో, ఆ తర్వాత లారీలో తీసుకొచ్చాను. చివరికి దోనె ఎక్కమనగానే రేవులో నిలబడిపోయింది.

“సుట్టూ నీలే గదా బావా. ఆ కొండ మీద మనిసికేదైనా అయితే ఎవులికి తెలుస్తాది?”

“నేను వైర్‌లెస్‌లో చెబుతానుగా” అన్నాను.

“ఆ మనిసి నువ్వే అయితే?”

దోనె నడిపే సొమారు, పల్లెలో పెద్దమనిషి, ఆమె ట్రంకు పెట్టెను ఎత్తి దోనెలో పెట్టేశాడు. పెట్టె వెళ్ళాక ఆమె వెళ్ళక తప్పలేదు.

మొదటి పది రోజులూ ఆమె నీటివైపు చూసేది కాదు. రేకుల గది నేల అలికింది, మూడు రాళ్ళ పొయ్యి పడగొట్టి మట్టితో కొత్తది వేసింది, నా యూనిఫాం గంజి పెట్టి ఆరేయడానికి ఏరియల్ తీగ వాడింది. తీగ మీద తడి చొక్కాలుంటే కంట్రోల్‌కు మా సిగ్నల్ నీరసంగా వినబడుతుందని వివరించాను. “మరో తీగ కట్టు. రెండేసి స్తంభాలు పెట్టుకుని నాకొక తాడు కట్టనేవా?” అంది. కట్టాను.

ఆమెను ఆ కొండకు అలవాటు చేసింది నేను కాదు, సొమారు భార్య గురుబారి. మా ఆవిడకు వాళ్ళ దేశియా భాష రాదు, ఆమెకు తెలుగు రాదు. ఒకరోజు గురుబారి రాగి జావ ఉన్న కుండ తెచ్చి గడపలో పెట్టి వెళ్ళింది. మరునాడు మా ఆవిడ ఆ కుండలో ఉప్పు పోసి పంపింది. నీరు పెరిగాక నందపూర్ సంతకు పోవడం ఆ పల్లెకు రోజంతా పనైంది, ఉప్పుకు కటకటగా ఉండేది. అప్పటి నుంచి ఇద్దరూ ఒకే దోనెలో సంతకు వెళ్ళేవారు. నెల తిరిగేసరికి మా ఆవిడ తెడ్డు వేయడం నేర్చుకుంది. గురుబారి ఆమెను ‘నానీ’ అని పిలిచేది, అక్క అని.

జూలై చివర్లో నా సిగ్నల్‌మన్‌కు తల్లి జబ్బు అని కబురొచ్చింది. అతని సెలవుకు సిఫారసు చేసింది నేనే. పది రోజుల్లో మరొకర్ని పంపుతామన్నారు. ఎవరూ రాలేదు. అప్పట్లో మా సెట్ పంపేటప్పుడు కావలసిన కరెంటు చేత్తో తిప్పే జనరేటర్ నుంచి వచ్చేది. ఒకరు తిప్పుతుంటే ఒకరు కీ, అంటే సందేశం కొట్టే మీట, నొక్కాలి. సిగ్నల్‌మన్ లేడు గనుక మా ఆవిడ తిప్పేది. పూటపూటా మా పోస్టుకిచ్చిన అదే పిలుపు గుర్తు, అవే అంకెలు; కొట్టేముందు పైకి చదివేవాణ్ణి. చుక్కల్నీ గీతల్నీ వరసగా ఆమె ‘పొట్టివి’, ‘పొడుగువి’ అనేది. ఒకనాడు కూర తరుగుతూ, “ఈయేల నాలుగో అంకెలో ఒక పొట్టిది ఎక్కువ కొట్టేవు” అంది. చూసుకుంటే నిజమే.

ఆగస్టు రెండో వారంలో వాన పట్టింది. దానితోపాటు నాకు మలేరియా. ఆ రోజు ఉదయం ఆరింటి షెడ్యూల్ సమయానికి నాకు స్పృహ లేదు. షెడ్యూల్ అంటే నిర్ణీత వేళకు పంపవలసిన సందేశం. ఒకటి తప్పితే కంట్రోల్ ఎదురుచూస్తుంది. వరసగా రెండు తప్పితే పోస్టుకు ప్రమాదం జరిగిందని లెక్క. మనుషులతో లాంచీ పంపాలి. రెండోది మధ్యాహ్నం పన్నెండుకు.

పదకొండింటికి కళ్ళు తెరిచాను. తలదగ్గర నర్సమ్మ, గడపలో సొమారు, గురుబారి. బయట గాలి రేకులను ఎత్తి కొడుతోంది. మునిగిన అడవి కొమ్మలు నీటికి జానెడు కింద ఉన్నాయనీ, ఈ గాలిలో అటు నుంచి ఏ పడవ బయల్దేరినా వాటి మీదికి విసిరేస్తుందనీ సొమారు చెప్పాడు. లేచి కీ పట్టుకున్నాను. ఆ జ్వరంలో ఒక్క అక్షరం కూడా అక్షరంలా పడలేదు.

“ఇటియ్యి, నేను కొడతాను” అంది నర్సమ్మ.

“నేరం. అనుమతి లేని మనిషి కీ ముట్టుకోకూడదు.”

“ఆ లాంసీలో వచ్చీవోల్లకు పెల్లాలు లేరేటి?”

తలకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మంచం మీదే పడుకున్నాను. గురుబారి జనరేటర్ దగ్గర కూర్చుంది. నర్సమ్మ అప్పటికే గేజి చూసొచ్చి, మట్టం ఎన్ని అడుగులో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఉంది. పన్నెండుకు పిలుపు గుర్తు కొట్టింది, తర్వాత అంకెలు. బరువైన చేయి, నెమ్మది, కానీ ఒక్క తప్పు లేదు.

అటువైపు హవల్దారు పాతకాపు. మోర్స్‌లో ఎవరి చేయి ఎవరిదో గొంతు గుర్తుపట్టినట్టు గుర్తుపడతాం. కీ మీద ఎవరు, అని అడిగాడు. నర్సమ్మకు అంకెలే వచ్చు, అక్షరాలు రావు. అందుకని జవాబును ఒక్కొక్క అక్షరంగా నేను నోటితో పలికాను: డిట్, డా, డిట్; పొట్టిది, పొడుగుది, పొట్టిది. విన్నది విన్నట్టు ఆమె కొట్టింది. ఆపరేటర్‌కు జబ్బు, గాలి ఎక్కువ, లాంచీ వద్దు. అర నిమిషం పని మాకు పావుగంట పట్టింది. మధ్యలో గురుబారి చెయ్యి మార్చుకున్నప్పుడల్లా ఆగి, మళ్ళీ ఎత్తుకున్నాం. చివరికి అటు నుంచి ‘లాంచీ ఆపాం’ అని వచ్చింది. అప్పటికి ఇంజిను తిరుగుతోందనీ, నలుగురు ఎక్కి కూర్చున్నారనీ తర్వాత తెలిసింది.

అలా ఐదు పూటలు ఆమే పంపింది. గాలి తగ్గాక సిగ్నల్‌మన్ మందులతో తిరిగొచ్చాడు. పంపిన ప్రతి సందేశానికీ లాగ్ పుస్తకంలో ఆపరేటర్ పేరు రాయాలి. ఆ ఐదు గడులూ ఖాళీగా ఉన్నాయి. “మీ పేరు రాసేయండి, ఎవరు చూస్తారు?” అన్నాడతను. నాకూ అదే సుళువుగా తోచింది. కలం తీశాను. పొయ్యి దగ్గర నుంచి నర్సమ్మ ఇటు తిరగకుండానే అడిగింది.

“నీ పేరు రాస్తే, నేను సేసింది సెయ్యనట్టేనా బావా?”

ఐదు గడుల్లోనూ అప్పలనర్సమ్మ అని రాశాను. పక్కన ‘నా ఆజ్ఞపై’ అని సంతకం పెట్టాను.

నెలాఖరున కెప్టెన్ తనిఖీకి వచ్చారు. లాగ్ తిరగేస్తూ ఆ పేజీలోని పేరు మీద వేలు పెట్టారు. ఈ మనిషి ఎవరని హిందీలో అడిగారు. చెప్పాను. ఆమెను పిలిచి, సున్నా నుంచి తొమ్మిది దాకా కొట్టి చూపించమన్నారు. కొంగు నడుముకు దోపుకుని, కదిలితే కిర్రుమని ఊగే మా కుర్చీలో కూర్చుని కొట్టింది. ఆయన విని, ఏడో అంకె కొంచెం సాగిందన్నారు. నేను తర్జుమా చేశాను.

“ఆ కిర్రు కుర్చీ మీద ఆయన్ని కూకోమను, ఎలా సాగదో సూద్దాం” అంది. అది తర్జుమా చేయలేదు. ఆయన నా ముఖం చూసి నవ్వారు.

నవ్విన ఆయనే నా సర్వీసు రికార్డులో ఎర్రసిరా నమోదు వేశారు: అనుమతి లేని వ్యక్తిని కీ మీద కూర్చోబెట్టినందుకు మందలింపు. దానివల్ల నా హవల్దారు ప్రమోషన్ ఏడాది వెనక్కి వెళ్ళింది. కానీ లాగ్‌లో ఆమె పేరు కొట్టేయలేదు. ఆ ఐదు గడుల కిందా తన సంతకం చేశారు.

ఆ శిక్ష న్యాయమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నా తప్పు ఆగస్టులో కాదు, జూలైలో జరిగింది: బదులు మనిషి చేరకముందే సెలవుకు సిఫారసు చేయడం. సుబేదారునయ్యాక నా కింద ఇలాంటి చిన్న పోస్టులు చాలా నడిచాయి. ఇద్దరే ఉన్న చోటు నుంచి, మూడోవాడు వచ్చి సామాను దించేదాకా, ఎవరి సెలవు కాగితం మీదా నేను సంతకం పెట్టలేదు. కొత్తగా వచ్చిన ఆపరేటర్లకు లాగ్ గురించి మాత్రం ఒకే మాట చెప్పేవాణ్ణి: కీ మీద ఎవరుండాలో రాయడానికి కాదు ఆ గడి, ఎవరున్నారో రాయడానికి.