ఓడినవాళ్ళకో కుర్చీ

మడత కుర్చీ తెరిచేటప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు ఎక్కడ విన్నా నాకు శామ్యూల్ అంకుల్ గుర్తొస్తారు. పోయిన ఆదివారం, దేశం కాని దేశంలో మేముండే ఊరు షాంటిలీలోని మా తెలుగు చర్చి మీటింగులో అదే చప్పుడు విన్నాను. అద్దె హాలు వదిలి సొంత భవనం కొనాలన్న నా ప్రతిపాదన అప్పుడే ఓటింగులో ఓడిపోయింది. మొహం ముడుచుకుని, కారు తాళాలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళినదాన్ని ఆగిపోయాను.

అంకుల్‌ది కాకినాడ. ఉద్యోగమంతా యుద్ధాలు ముగిసిన దేశాల్లో ఎన్నికలు జరిపించడంతోనే గడిచింది. రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి, చర్చిలో కుర్చీలు వేసే పని తనంతట తానే నెత్తినేసుకున్నారు. అందరికీ వేశాక, అలిగి రానివాళ్ళ కోసమని ఒకటి ఎక్కువ వేసేవారు. "ఓట్లు లెక్కెట్టడం ఎంతసేపమ్మా? ఓడినోడు మర్నాడు మీటింగుకొస్తాడా లేదా, అదీ అసలు ఎలక్షను" అనేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గెలిచినవాళ్ళు జర్మనీని గుమ్మం బయటే నిలబెట్టి సంధి రాశారనీ, ఇరవై ఏళ్ళకే మళ్ళీ అంతా తగలబడిందనీ, రెండోసారి మాత్రం ఓడినవాళ్ళ ఊళ్ళు నిలబెట్టడానికి చేయి వేశారనీ చెప్పేవారు. నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

ఆ పాఠం నా మీదికే వస్తుందనుకోలేదు. పిల్లల కోసం ఆరాధన ఇంగ్లీషులోకి మార్చాలని నేను, తెలుగులోనే ఉండాలని నా ప్రాణస్నేహితురాలు సునీత పట్టుబట్టాం. ఓటింగులో నేను గెలిచాను. సునీత, ఆమె వైపున్న ఎనిమిది కుటుంబాలవాళ్ళూ చర్చికి రావడం మానేశారు. ఆమె నా ఫోన్ కూడా ఎత్తలేదు. పైకి బింకంగా తిరిగాను గానీ, కారులో ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఏడ్చేదాన్ని.

ఓ శనివారం అంకుల్ వచ్చి, "ఆష్‌బర్న్‌లో సునీత ఇంటికెళ్దాం, నువ్వే డ్రైవ్ చెయ్యి" అన్నారు.

"గెలిచింది నేనంకుల్! నేనెందుకెళ్ళాలి?"

"గెలిచావు గనకే నువ్వెళ్ళాలమ్మా. ఓడినోళ్ళు ముందు రాలేరు. ఉత్త చేతుల్తో మాత్రం వెళ్ళకు. నీ గెలుపులోంచి కొంచెం పట్టుకెళ్ళు."

సునీత తలుపు తీసి, "విక్టరీ స్పీచ్ ఇద్దామనొచ్చావా?" అంది. దారంతా వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "నెలకి రెండు ఆదివారాలు తెలుగులోనే పెట్టుకుందాం. అవెలా జరగాలో నువ్వే డిసైడ్ చెయ్యి" అన్నాను. ఆమె టీ పెట్టింది, అదీ అంకుల్ అడిగితే. మూడు వారాల తర్వాత చర్చికి వచ్చి, ఆయన ఎక్కువగా వేసిన కుర్చీలో కూర్చుంది. నాతో మునుపటిలా నవ్వడానికి ఏడాది పట్టింది. "దేశాలకైతే ఇంకా ఎక్కువే పడుతుంది, కంగారుపడకు" అన్నారు అంకుల్.

ఆయన పోయి రెండేళ్ళు. మొన్న గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీ తెరిచి పట్టుకుని నిలబడింది సునీత. భవనం వద్దని అందరినీ కూడగట్టింది కూడా ఆమే.

"ఎక్కడికే? హాలు లీజ్ సంగతి నువ్వు లేకుండా ఎలా మాట్లాడతాం? వచ్చి కూర్చో."

గుమ్మం నుంచి ఆ కుర్చీకి పది అడుగులుంటాయేమో. ఆ రోజు సునీత ఎంత బరువు మోసుకుంటూ వచ్చి కూర్చుందో నాకు అప్పుడు తెలిసింది. తాళాలు బ్యాగులో వేసుకుని, వెళ్ళి కూర్చున్నాను.