రాయపూర్ వరండాలో పదకొండు పెట్టెలు

రాయపూర్ చూడటానికని ఎవరూ వెళ్లరు. పనిపడితే వెళతారు, చుట్టాలుంటే వెళతారు. అక్కడ మా అక్క ఉంది కాబట్టి నేను రెండు మూడేళ్లకోసారి వెళ్లి వస్తూనే ఉన్నాను. ఈసారి మాత్రం చుట్టపుచూపుగా వెళ్లలేదు. ఎన్నికల ఫలితాలు వచ్చి నెల దాటినా నిజంగా గెలిచిందెవరో తేలలేదు. ఢిల్లీలో ఒకరినొకరు దొంగలని తిట్టుకుంటున్నారు. ఏ చానెల్ తిప్పినా నలుగురు కూర్చుని ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒక సాయంత్రం అలాంటి వార్తల మధ్యలో మా అక్క వాళ్ల వరండా కనబడింది. గోడవార పేర్చిన ట్రంకు పెట్టెలు, వాటి మీద తెల్లరంగుతో తెలుగులో రాసిన పేర్లు. కిటికీలో కిందటిసారి నేను పట్టుకెళ్లిన ఏటికొప్పాక లక్కబొమ్మ. "రెండు గదులు, పదమూడు ఓట్లు" అంటోంది టీవీలో అమ్మాయి. మర్నాడు అక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. "ఒక్కసారి రా బుజ్జీ. ఇల్లు ఖాళీ చేయించేస్తారట. మీ బావ నోరు విప్పడం లేదు" అంది.

నేను విశాఖలో డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. పత్రికలు, ఎన్నికలు, ఓటరు జాబితా, ఇవన్నీ నాకు పాఠాలు. అక్క మాట విన్నాక నాకు తెలిసినవాటిలో ఏది ఆమెకు పనికొస్తుందా అని ఆలోచించాను. తట్టలేదు. అయినా సెలవు పెట్టి బయల్దేరాను.

విశాఖ నుంచి సాయంత్రం రాయపూర్ పాసింజరు ఎక్కితే మర్నాడు పొద్దెక్కాక దిగుతాం. స్లీపర్ టికెట్ ముందుగా దొరికితే మంచిది. లేకపోతే పార్వతీపురం దాకా నిలబడే ప్రయాణం. రాయగడ దాటితే అడవి, చీకట్లో ఏమీ కనబడదు. టిట్లాగఢ్‌లో బండి చాలాసేపు ఆగుతుంది, టీ అక్కడ తాగండి. మహాసముంద్ దగ్గర తెల్లవారింది. ఎండిన వరిమళ్లు, వాటి మధ్య గోడల మీద రెండు పార్టీల గుర్తులు, సగం చెరిపినవి. రాయపూర్ స్టేషన్ బయట పది రూపాయలకు ప్లేటు నిండా వేడి పోహా, అంటే అటుకుల ఉప్మా, పెడతారు, పక్కన జిలేబీ. తినకుండానే రిక్షా ఎక్కాను.

రైల్వే కాలనీలో మా బావ క్వార్టరు చివరి వరసలో ఉంటుంది. ఆయన పేరు సన్యాసిరావు, వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. నన్ను చూసి పేపరు పక్కన పెట్టాడు.

"లెక్చరరు గారొచ్చారు. ఇక డెమోక్రసీకి ఢోకా లేదు" అన్నాడు.

"నోరు విప్పడం లేదంది అక్క" అన్నాను.

"నీ కోసం దాచుకున్నాను."

మళ్లీ పేపరు అందుకున్నాడు. ఎదురింటి బెంగాలీ ఆవిడ ఎప్పుడూ నన్ను చూస్తే పలకరించేది. ఈసారి బట్టలు ఆరేస్తూ అటు తిరిగింది.

ఆ పెట్టెల సంగతి చెప్పాలి. మా పార్వతీపురం వైపు నుంచి పనికోసం వచ్చే కుర్రాళ్లు ముందు అక్క వరండాలోనే దిగేవారు. ఊరవతల ఉర్లా పారిశ్రామికవాడలో ఏదో ఒక ఫ్యాక్టరీలో పని దొరికేదాకా ఇక్కడే తిండి, పడక. దొరికాక అక్కడే నలుగురేసి ఒక గదిలో చేరేవారు. ఆ గదుల యజమానులు అద్దెకు రసీదు ఇవ్వరు, ఇంటి నంబరు వాడుకోనివ్వరు. అందుకని రేషను, ఉత్తరాలు, ఓటు అన్నీ బావ క్వార్టరు నంబరు మీదే ఉండేవి. గదులకు సరైన తలుపులుండవు కాబట్టి మంచి బట్టలు, సర్టిఫికెట్లు పెట్టిన ట్రంకు పెట్టె కూడా ఇక్కడే. ఆదివారం వచ్చి తిని, పెట్టె తెరిచి చూసుకుని వెళ్లేవారు. బావ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఊరినుంచి వస్తే చింతపండు తెచ్చేవారు, అంతే.

"మొన్న ఫొటోలు తీసుకోడానికొచ్చాడే, ఆ పేపరు కుర్రాడు దీదీ దీదీ అంటూ ఎంత మర్యాదగా ఉన్నాడనుకున్నావు. ఇంతమందిని సాకారా దీదీ అన్నాడు. నాకు సంబరం వేసింది. ఒక్కో పెట్టె చూపించి పేర్లు చదివాను. ఇంట్లో ఎన్ని ఓట్లు అంటే, పదమూడు, మాకే ఈ లైన్లో ఎక్కువ అన్నాను. అల్లం వేసి టీ ఇచ్చానే వాడికి" అంది అక్క.

ఓడినవాళ్లు బోగస్ ఓట్లని గోల చేస్తున్న సమయానికి వాడి పేపర్లో పడ్డ ఆ ఫొటో వాళ్లకు దొరికింది. పక్క వరసలో ఇలాగే ఓటు ఒకచోట, ఉండేది ఇంకోచోట అయిన ఇద్దరు కుర్రాళ్లను పోలీసులు తీసుకెళ్లి రెండ్రోజులు కూర్చోబెట్టారు. తర్వాత బావ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. క్వార్టర్లో బయటివాళ్లను ఉంచడం తప్పు, అద్దెకు ఉంచితే మరీ తప్పు. విచారణకు మనుషులు వచ్చేది నేను దిగిన మర్నాడే.

ముందుగా ఆ పత్రిక ఆఫీసుకి వెళ్లాను. అలసిపోయిన ముఖంతో ఉన్న ఒక పెద్దమనిషి కుర్చీ చూపించాడు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఓట్లు పదమూడు. అవునా కాదా, మేడమ్?" అన్నాడు హిందీలో.

"అవును."

"గదులు రెండు. అవునా?"

"అవునండీ, కానీ..."

"మరి మేం దేన్ని సరిదిద్దాలి?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. వాళ్లు రాసిందాంట్లో ప్రతి ముక్కా నిజమే. నేను క్లాసులో పిల్లలకు వార్త అంటే వాస్తవాలు అని చెబుతాను. లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను.

అప్పుడొచ్చింది నాకు ఆలోచన. విచారణకు వచ్చేసరికి వరండాలో పెట్టెలు లేకపోతే? ఇక్కడ ఎవరూ ఉండటం లేదు, ఉర్లాలో ఉంటున్నారు అని చెబితే బావ క్వార్టరు నిలుస్తుంది. అది నిజం కూడా. ఉర్లా వెళ్లాలంటే టాటీబంధ్ దాకా ఒక టెంపో, అక్కడ మారి ఇంకోటి. రెండూ కలిపి పది రూపాయలు కూడా అవదు గానీ గంట పైనే పడుతుంది. టాటీబంధ్‌లో లారీల మధ్య నిలబడితే ఒక డ్రైవరు "కహాఁ జాబే దీదీ?" అని అడిగాడు. ఎక్కడికెళతావు అని ఛత్తీస్‌గఢీలో. ఉర్లా అంటే, నాలుగు గంటలకు షిఫ్టు వదులుతుంది, ఆ లోపు వెళ్లిపోండి, తర్వాత చోటుండదు అన్నాడు. ఎవరు గెలిచారనుకుంటున్నావని అడిగాను. డీజిల్ రేటు చెప్పి ఊరుకున్నాడు.

ఉర్లాలో గాలి నల్లగా ఉంటుంది. చీర అంచు దులిపితే ఇనుప రజను రాలింది. ఫ్యాబ్రికేషన్ షెడ్డు ముందు టీ బండి దగ్గర సింహాచలం దొరికాడు. పదకొండు పెట్టెల్లో మొదటిది అతనిది. ముప్పై దాటిన వెల్డరు. అక్కను అత్తా అంటాడు కాబట్టి నేను చిన్నత్తని.

"టీవీలో నా పెట్టె పడిందట గదా చిన్నత్తా. నాను పడనేదు" అన్నాడు నవ్వుతూ.

నేను వచ్చిన పని చెప్పాను. చెబుతున్నంతసేపూ టీ గ్లాసు తిప్పుతూ విన్నాడు. వాళ్లు ఉర్లాలో ఉంటున్నట్టు తేలితే ఆ ఓటు ఏమవుతుందో, పక్క వరస కుర్రాళ్లకు ఏమయిందో నాకు తెలుసు. ఆ మాట మాత్రం నేను ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

"ఎన్నింటికి రమ్మంతావు?" అన్నాడు.

"నీకు ఇబ్బందేమో ఆలోచించుకో."

"ఆలోసించడానికి ఏటుంది? అత్త ఇల్లు పోతాదంటన్నావు కదా. షిఫ్టు అయినాక వొచ్చీస్తాం. టీ తాగు, ఇక్కడ సమోసాలు బాగుంటాయి."

సమోసా బాగానే ఉంది. తినలేకపోయాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సింహాచలం, మరో నలుగురు ఒక ట్రాలీ బండితో వచ్చారు. వస్తూనే ఇద్దరు చెరో వైపు పట్టుకుని మొదటి పెట్టె లేపారు. బావ లోపల్నుంచి వచ్చాడు.

"ఎక్కడికిరా?"

"ఎక్కడికో అక్కడికి. నీకెందుకు మావయ్యా. రేపు ఆళ్లొచ్చీసరికి వరండా తుడిసి ముగ్గెట్టీసుండాల" అన్నాడు సింహాచలం.

"ఈ ఆలోచన ఎవరిది?"

"నాది" అన్నాను.

బావ నావైపు చూడలేదు. "ఇక్కడ ఉండటం లేదంటే, మరి ఈ ఇంటి నంబరు మీద ఓటు ఎలగేశావురా అని అడుగుతారు. ఏటి చెప్తావు?"

"ఏటి సెప్తాం. రెండ్రోజులు కూకోబెట్టి వొదిలీసారు కదా ఆళ్లని. మాకూ అంతే."

"ఆ ఇద్దరికీ పని ఉందా పోయిందా?"

సింహాచలం పెట్టె పిడి చేయి మార్చుకున్నాడు. "పోనాది" అన్నాడు. "కంట్రాక్టరు రావొద్దన్నాడు."

"దించు."

"మావయ్యా, నీకు రెండేళ్లే ఉంది..."

"దించమన్నానా."

"ఉండండి." వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "ఈ ఇల్లు నాది కూడా. ఇన్నేళ్లూ ఇందులో వండింది నేను. నన్ను ఒక్కరూ అడగరేం?"

అందరం ఆమె వైపు తిరిగాం. అక్క వరండా చివరిదాకా చూసింది. ఒక్కో పెట్టె మీదా ఆగి, పేరు చదువుతున్నట్టు చూసింది. నేను నా మనసులో పెట్టెలు పట్టుకెళ్లడానికి ఒప్పుకో అక్కా అనుకున్నాను. ఎవరి కోసం అనుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

"దించండి. చేతులు కడుక్కోండి. అన్నం చల్లారిపోతోంది" అంది.

మర్నాడు ఇద్దరు వచ్చారు, ఒకాయన పెద్దవాడు, ఒకాయన రాసుకునేవాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

"వీళ్లందరూ ఇక్కడే ఉంటారు సాబ్. మా ఇంటి మనుషులు" అన్నాడు పెట్టెల మీద పేర్లు చూపించి, హిందీలో.

"కిరాయా ఎంత?"

"కిరాయా లేదు."

పెద్దాయన కళ్లజోడు తీసి, "చెప్పండి పరవాలేదు, తలకెంత?" అన్నాడు. బావ అదే జవాబు చెప్పాడు. మూడోసారి కూడా అడిగాడాయన, విసుగు లేకుండానే. వీళ్లంతా ఇక్కడే ఉంటారన్నది అబద్ధం, దాన్ని వాళ్లు వెంటనే రాసుకున్నారు. అద్దె తీసుకోలేదన్నది నిజం, దాన్ని రాసుకోలేదు. నెల లోపల క్వార్టరు ఖాళీ చేయాలని, తర్వాత చర్య ఏమిటో ఆఫీసు చెబుతుందని అన్నారు. పోలీసులు మాత్రం కుర్రాళ్ల కోసం రాలేదు. అక్క వాళ్లకు కూడా టీ ఇచ్చింది. అల్లం వేయలేదు.

రెండు రోజులాగి తిరుగు ప్రయాణం కట్టాను. సింహాచలం స్టేషన్‌కు వచ్చి నా సంచి బెర్తు కింద పెట్టి వెళ్లాడు. నా ఎదుట ఒక తెలుగాయన కూర్చున్నారు, ఏదో బ్యాంకులో ఆఫీసరట. మహాసముంద్ రాకముందే పేపరు తెరిచి ఇటు తిప్పి చూపించారు. అదే వరండా, అవే పెట్టెలు. "చూశారా మేడమ్, చివరికి ఒప్పుకున్నాడు. అందరినీ ఇంట్లోనే ఉంచుకున్నాట్ట. ఇలాంటివాళ్ల వల్లే దేశం ఇలా తగలడింది" అన్నారు.

"ఆయన మా బావగారండీ" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. నిజంగానే నొచ్చుకున్నారు. పేపరు మడిచి పక్కన పెట్టి, ఫ్లాస్కు మూతలో నాకు కాఫీ పోసి ఇచ్చారు. నేను జరిగిందంతా చెప్పాను, కుర్రాళ్ల గదుల సంగతి, తలుపుల్లేని సంగతి, చింతపండు సంగతి. మధ్యలో అడ్డు రాకుండా తల ఊపుతూ విన్నారు. బండి టిట్లాగఢ్‌లో ఆగింది. దిగడానికి చెప్పుల కోసం వెతుక్కుంటూ, గొంతు తగ్గించి, "ఏమనుకోకండి, మనలో మాట. తలకెంత తీసుకునేవారు?" అని అడిగారు.

ఇది రాసేనాటికి ఢిల్లీలో ప్రభుత్వం ఏర్పడింది. బోగస్ ఓట్ల మాట ఇప్పుడు గెలిచినవాళ్లూ ఎత్తడం లేదు, ఓడినవాళ్లూ ఎత్తడం లేదు. చానెళ్లలో వేరే నలుగురు కూర్చుని వేరే సంగతి మాట్లాడుతున్నారు. అక్కా బావా టాటీబంధ్ అవతల, లారీ మెకానిక్కుల సందులో ఒక గది, వంటిల్లు తీసుకున్నారు. ఇంటాయన పెట్టెలకు ఒప్పుకోలేదు. వాటిని ఎవరి పెట్టె వాళ్లు మోసుకెళ్లారు, కొన్ని ఉర్లాకి, రెండు ఇంకా అవతల ధర్సీవాకి. ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రం వస్తే ఇవన్నీ బాగుపడతాయని సింహాచలం ఉత్తరంలో రాశాడు. నిజమేమోనని అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. సెలవు నుంచి వచ్చాక మొదటి క్లాసులో ఓటు హక్కు పాఠం చెప్పాల్సి వచ్చింది. ఓటు నమోదు కావాల్సింది "సాధారణంగా నివసించే చోట" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పిల్లలు నోట్సు కోసం పెన్నులు పట్టుకుని చూస్తున్నారు. బావ చెప్పిన అబద్ధం తప్పా ఒప్పా అని వాళ్లనే అడుగుదామనుకున్నాను. అడగలేదు. వాళ్లు కూడా తలకెంత అని అడుగుతారేమోనని భయం వేసింది.

మీలో ఎవరైనా రాయపూర్ వెళితే ఒక్క సలహా. స్టేషన్ ఎదుట సందులో లాడ్జీలు ఉన్నాయి, ఎనభై తొంభై రూపాయలకు శుభ్రమైన గది దొరుకుతుంది, అందులో దిగండి. కాలనీలో మనవాళ్లు పిలిస్తే వెళ్లి కడుపునిండా తినండి, కాదనకండి. సామాను మాత్రం వాళ్ల వరండాలో పెట్టకండి.